రేకుల నీడ

మోచేతికి ఇనుము తగిలింది.

ఒక్క క్షణమే. ఆకుపచ్చ చొక్కావాడు ఆమెను రాసుకుంటూ జనంలోకి దూరిపోయాడు.

మహేశ్వరి ఠక్కున ఆగింది.

ఫోన్ కాదు. ఫోన్ పలకలా తగులుతుంది. బెల్టు బిళ్ళ కాదు, అది ముందుంటుంది. ఇది నడుము వెనక, చొక్కా కింద... దిమ్మలాంటి బరువు. బేగంబజార్‌లో గిన్నెల హోల్‌సేల్ షాపు నడిపే మనిషి ఆమె. ఇరవై రకాల లోహం రోజూ చేతిలో ఆడుతుంది. ఈ బరువు దగ్గర పొరపడదు.

తుపాకీ!

వాడు గేటు దాటి గల్లీలోకి వచ్చేశాడు. బట్టల కింది లోహాన్ని పట్టే కెమెరా ముందు నుంచే వచ్చాడు.

కెమెరా కిక్కురుమనలేదు.

చెవిలో బ్లూటూత్ ఉంది. గేటు దగ్గర స్క్రీన్ ముందు కూర్చుని కెమెరా నడిపే జోయెల్ లైన్‌లోనే ఉన్నాడు.

"జోయెల్, ఆకుపచ్చ చొక్కా. ఇప్పుడే లోపలికొచ్చిండు. వాని నడుం మీద ఏం కనబడ్డది?"

"ఏం లేదక్కా. క్లీన్."

"నీ స్క్రీన్ మీద క్లీన్. నా మోచేతికి తుపాకి తగిలింది."

అవతల కీబోర్డు టకటకమంది.

ఆమె అప్పటికే పరుగు మొదలుపెట్టింది.

ధన్‌తేరాస్ సాయంత్రం. లైట్లు ఇప్పుడే వెలిగాయి. ఈ ఒక్కరోజు కొత్త గిన్నె కొనకుండా ఇంటికెళ్ళేవాళ్ళు ఉండరు. గల్లీ నిండా జనం, జనం చేతుల్లో తళతళలాడే బిందెలు, డబ్బాలు, తాంబాళాలు. వేరే ఏడాదైతే ఇవాళ ఆమె గల్లా దగ్గర నుంచి లేచేది కాదు.

ఇవాళ ఆమెకు బేరం మీద ధ్యాస లేదు. ఇవాళ ఒక ప్రాణాన్ని కాపలా కాస్తోంది.

సక్కుబాయి ప్రాణం.

సక్కుబాయి ప్రమిదలు అమ్ముకునే మనిషి. ఏటా మహేశ్వరి షాపు మెట్ల పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుంటుంది. పోయిన ఏడాది ముసుగేసుకున్న దొంగలు షాపులో పడ్డారు. మహేశ్వరి భర్త వైకుంఠం ఒకడి ముసుగు లాగేశాడు. ముసుగు ఊడినవాడు కాల్చేశాడు. వైకుంఠం తన షాపు గడప మీదే పోయాడు.

ఆ ముఖాన్ని చూసి బతికున్నది సక్కుబాయి ఒక్కతే.

ఏడాదంతా ఆమె నోరు విప్పలేదు. పోయిన వారం విప్పింది. చూసిన అంది. పేరు మాత్రం చెప్పనంది. మహేశ్వరి బతిమాలింది, కసిరింది, ఒట్టు పెట్టింది. అయినా సక్కుబాయి ఎవ్వరికీ చెప్పనంది. జడ్జి ముందే చెబుతానంది. రేపు పొద్దున్నే మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం.

ఈ ఒక్క రాత్రి ఆమె బతకాలి.

అందుకే షాపు పైగదిలో దాచింది. గదికి ఒక్కటే దారి... బయటి ఇనుప మెట్లు. ఈ గల్లీ అవతలి కొస మూసుకుపోయింది, కాబట్టి గల్లీకీ ఒక్కటే దారి. ఆ దారికి గేటు. గేటుకు కెమెరా.

తుపాకీ లోపలికి రాకూడదు. లెక్క అంతవరకు పక్కాగా వేసింది.

ఆ లెక్క ఎక్కడో తప్పింది.

"జరగండి... జరగండి భాయ్..."

ఆకుపచ్చ చొక్కా అల్లంత దూరంలో తేలుతోంది, మునుగుతోంది. వాడు పరుగెత్తడం లేదు. నడుస్తున్నాడు. దారి తెలిసినవాడిలా నడుస్తున్నాడు.

నేరుగా ఆమె షాపు వైపు!

మహేశ్వరి కోపాన్ని చిల్లరగా ఖర్చు పెట్టే మనిషి కాదు. ఏడాదిగా పోగేసింది. షాపు తెరిచేటప్పుడు, గడప కడిగేటప్పుడు, ఓదార్చడానికొచ్చినవాళ్ళకు చాయ్ ఇచ్చేటప్పుడు... అన్నిసార్లూ లోపలే వేసుకుంది. అదంతా ఇవాళ కాళ్ళలోకి దిగింది.

మెట్ల కింద అంజన్ నిలబడి ఉన్నాడు. రేకుల వ్యాపారి. ఆమె రాఖీ కట్టే మనిషి. పైగదికి కాపలాగా ఆమే నిలబెట్టింది.

"అన్నా, ఆకుపచ్చ చొక్కా! పట్టు వాణ్ణి!"

అంజన్ తల తిప్పాడు. చేతులు చాచాడు. ఆకుపచ్చ చొక్కావాడు దూసుకొచ్చి అతన్ని గుద్దుకున్నాడు. ఇద్దరూ నేల మీద పడ్డారు. పక్కనున్న బిందెల వరస కూలి ఢణఢణలాడింది. ఎవరి కాలు ఎవరిదో, ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలియని దొర్లుడు.

హమాలీలు ఉరికొచ్చి వాణ్ణి లేపారు.

అంతలో ఎస్సై సదాశివ వచ్చాడు. సక్కుబాయి రక్షణ డ్యూటీ అతనిదే. యూనిఫాం, నడుముకు పిస్తోలు, చెమట పట్టిన నుదురు. హమాలీలను దూరం నెట్టేశాడు. వాణ్ణి గోడకేసి అదిమి, తన ఒంటితో కప్పేసి, చంకలు, నడుము, కాళ్ళు తడిమాడు.

"మహేశ్వరమ్మా, వీని మీద ఏం లేదు."

"ఉన్నది సార్. నా చేతికి తగిలింది."

"ఉండె. ఇప్పుడు లేదు." సదాశివ గొంతు తగ్గించాడు. "వీడు దారిల ఎవరినన్న ముట్టిండా?"

ఆమె చూపు మెట్ల కిందికి పోయింది.



ముట్టాడు. ఒక్కరినే.

అంజన్ అక్కడ లేడు. ఇనుప మెట్లు ఎక్కుతున్నాడు. సక్కుబాయి భయపడ్డట్టుంది, చూసొస్తానని హమాలీలకు చెప్పి పోయాడట.

లేదు. అంజన్ అన్న కాదు. వైకుంఠం పోయిన రోజు పాడె మోసింది అంజన్. షాపు మళ్ళీ తెరవమని గడప దగ్గర కూర్చుని పోరింది అంజన్...

చెవిలో జోయెల్ అరిచాడు.

"అక్కా, దొరికింది. తప్పేందో దొరికింది. నెత్తి మీద రేకులక్కా."

"రేకులేంది?"

అతను గబగబా చెప్పాడు. మధ్యాహ్నం నుంచి బొమ్మ మసకగానే ఉందట. జనం రద్దీ అనుకున్నాడట. ఇప్పుడు ఆమె మాట విని ఒకసారి తలెత్తి పైకి చూశాడట.

ఆ కెమెరా ఎక్స్‌రే కాదు. తనంతట తాను ఏ కిరణమూ వదలదు. మనిషి ఒంట్లోంచి సన్నటి తరంగాలు వస్తూనే ఉంటాయి, బట్టల్ని దాటుకుని వస్తాయి. మిల్లీమీటర్ తరంగాలంటాడు జోయెల్. కెమెరా వాటిని ఊరికే పట్టుకుంటుంది, అంతే. ఒళ్ళు తెల్లగా కనబడుతుంది, ఒంటి మీద లోహం నల్లగా. కంపెనీవాళ్ళు ట్రయల్‌కు తెచ్చినప్పుడు బజార్‌లో ఎంత లొల్లి అయిందని! ఆడవాళ్ళ ఒళ్ళు చూసే మెషిన్ అన్నారు. మహేశ్వరి తనే ముందు నిలబడి, తన బొమ్మను నలుగురికీ చూపించింది. ముఖం లేదు, ముక్కు లేదు, చేతులు మొలిచిన పిండిముద్ద. దీన్ని చూసి ఎవడన్న మోజుపడితే వానికి పెండ్లి చేసే పూచీ నాది అంది. బజారంతా నవ్వింది. లొల్లి చల్లారింది.

కానీ లోహం ఎందుకు నల్లగా కనబడుతుందో ఆమె ఎప్పుడూ అడగలేదు.

"లోహం అద్దం లెక్కక్కా. ఆకాశాన్ని చూపిస్తది. ఆకాశం మస్తు చల్లన. చల్లదనమే మనకు నలుపు. నెత్తి మీద రేకులేస్తే ఆకాశం కనబడది. రేకులు కింది వేడినే మళ్ళ కిందికి కొడ్తయి. తుపాకి గూడ వేడిగనే కనబడ్తది, ఒళ్ళు గూడ వేడిగనే కనబడ్తది. తెలుపుల తెలుపు కలిసిపోతది." ఒక్క క్షణం ఆగాడు. "బట్ట పందిరేస్తే ఏం గాకపోవు. రేకులక్కా... కళ్ళకు గంతలు కట్టినట్టే."

మధ్యాహ్నం గేటు మీద రేకులు వేయించింది ఎవరు?

అంజన్!

తన కొట్టులోంచి తెప్పించాడు. తన మనుషులతో బిగించాడు. బంతిపూల దండలు కూడా కట్టాడు. ఖరీదైన సామాను ఎండకూ వానకూ ఉండటమేంటని బజార్ కమిటీవాళ్ళంతా మెచ్చుకున్నారు. వ్యాపారి బుద్ధి అంతే. విలువైనది కనబడితే ముందు దానికి నీడ కడతాడు. ఆమె కూడా మెచ్చుకుంది.

ఆమె కూడా!

"ఆ రేకుల సంగతి నువ్వు ఎవరికన్న చెప్పినవా జోయెల్?"

కెమెరా తెచ్చిన రోజు చాయ్ తాగుతూ కమిటీవాళ్ళందరి ముందూ చెప్పానన్నాడు. అంజన్ సేఠ్ ఉన్నాడు. బందోబస్తు పోలీసులు, ఇంకా చాలామంది ఉన్నారు. ఎవరు విన్నారో, ఎవరు వినలేదో...

ఆమె ఇక వినలేదు. అంజన్ పేరు ఒక్కటే విన్నది.

"స్టాండుకు చక్రాలున్నయి గద. కెమెరా తోసుకుంట గల్లీలకు రా. నా షాపు మెట్ల దిక్కు తిప్పు. మెట్ల మీద రేకుల్లేవు. ఆకాశమే ఉన్నది. అంజన్ నడుం మీద నలుపు చూపియ్యి నాకు."

ఆమె మెట్ల వైపు దూకింది. ఆకుపచ్చ చొక్కావాణ్ణి హమాలీలకు అప్పగించి, వెనకే సదాశివ.

మెట్ల కొసన, పైగది తలుపుకు అడ్డంగా అంజన్ నిలబడి ఉన్నాడు. రొప్పుతున్నాడు. బిందెల మీద పడ్డప్పుడు కాబోలు, మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఆ నెత్తురు చూసినా ఆమెకు జాలి కలగలేదు.

"జరుగన్నా."

"నువ్వు పో చెల్లె. సార్‌ను మాత్రం పోనియ్య."

"ఎందుకు?"

"సక్కుబాయి చెప్పింది. ఎవ్వరొచ్చినా తలుపు తీపియ్యద్దన్నది. పోలీసోళ్ళొచ్చినా సరే అన్నది."

సదాశివ వెనక నుంచి నెమ్మదిగా అన్నాడు. "చూసినవా అమ్మా? నన్ను ఎందుకు ఆపుతున్నడో ఆలోచించు."

ఆమె ఆలోచించింది. ఆలోచించాననుకుంది.

"గేటు మీద రేకులు నువ్వే గద వేయించింది?"

అంజన్ బిత్తరపోయాడు. "నేనే. ఎందుకు? పొద్దుగాల ఎస్సై సా..."

చెంప ఛెళ్ళుమంది!

మాట సగంలో తెగిపోయింది. ఏడాది కోపం ఆ చేతిలోనే ఉంది. ఆమె అతని గల్లా పట్టుకుంది. లాగింది. మోకాలితో పొడిచింది. అంజన్ తిరగబడలేదు. రాఖీ కట్టిన చెయ్యి కొడుతుంటే ఏం చేయాలో తెలియనివాడిలా చూశాడు. ఇద్దరూ మెట్ల మీద జారి, సగం దాకా దొర్లారు.

పైన దారి ఖాళీ అయింది.

సదాశివ వాళ్ళను దాటుకుని పైకి పోయాడు. తొందర లేకుండా పోయాడు.

"నా మొగుణ్ణి తిన్నవ్ గదరా..." ఆమె అంజన్ గొంతు మీద మోచెయ్యి వేసి నొక్కింది. "జోయెల్! కనబడ్డదా? వీని నడుం చూడు!"

కింద జనం ఆగిపోయి పైకి చూస్తున్నారు. జనం నడుమ చక్రాల స్టాండు. దాని మీద గుండ్రటి కన్ను మెట్ల వైపు తిరిగి ఉంది.



"జోయెల్!"

"అక్కా..." చాలా చిన్న గొంతు. "అంజన్ సేఠ్ ఒళ్ళంత తెల్లగున్నది. ఏం లేదు."

ఆమె మోచెయ్యి సడలింది.

"మంచిగ చూడు."

"చూసినక్కా. జేబుల ఫోన్ తప్ప ఏం లేదు. పైన... ఎస్సై సార్ మీద రెండున్నయి."

"ఏంది రెండు?"

"నడుం పక్కన ఒకటి. అది డ్యూటీ పిస్తోల్. ఇంకోటి నడుం వెనక. చొక్కా కింద."

చొక్కా కింద!

అన్నీ ఒక్కసారే తిరగబడ్డాయి. కంచం బోర్లించినట్టు.

ఆకుపచ్చ చొక్కావాడిని తడిమింది ఎవరు? తన ఒంటితో కప్పేసి తడిమింది ఎవరు? ఏం లేదని చెప్పింది ఎవరు? దారిలో ఎవరిని ముట్టాడని అడిగి, అంజన్ పేరు ఆమె మెదడులో నాటింది ఎవరు? వచ్చినవాడు కాల్చి పోవాల్సింది. ఆమె మోచెయ్యి అడ్డుపడింది. అందుకే ఇప్పుడు ఈ సదాశివే స్వయంగా... నేరం అంజన్ మీదికి. సాక్ష్యానికి బజారంతా ఉంది. అంజన్‌ను హంతకుడని మెట్ల మీద కొట్టింది ఎవరంటే, వైకుంఠం పెళ్ళామే!

సక్కుబాయికీ వాడికీ మధ్య నిలబడ్డది ఒక్క మనిషి. ఆ మనిషిని తన చేతులతో తనే పక్కకు లాగేసింది.

పైన సదాశివ తలుపు తడుతున్నాడు. గొంతులో తేనె.

"సక్కుబాయీ, దొంగ దొరికిండు. తలుపు తియ్యమ్మా. మహేశ్వరమ్మ గూడ ఇక్కడే ఉన్నది."

లోపల గడియ కదిలింది.

"సక్కూ... తియ్యకు!"

సదాశివ వెనక్కి తిరిగాడు. ఆమె ముఖం చూశాడు. కింద తన వైపే తిరిగి ఉన్న కెమెరాను చూశాడు.

అతని చెయ్యి హోల్‌స్టర్ మీదికి పోలేదు.

నడుము వెనక్కి పోయింది.

మహేశ్వరి పరుగెత్తింది. కిందికి కాదు. పైకి. తుపాకీ గొట్టం గుండ్రంగా, నల్లగా, తన ముఖం వైపే తిరుగుతోంది. పెద్ద లోహం కాదు. ఆమె షాపులో చెంచా కూడా దానికన్నా పొడుగే. దానికే వైకుంఠం పోయాడు... ఈ ఆలోచనతో కోపం ఇంకా మండింది. ఆమె ఆగలేదు.

ఎవరో పాదం పట్టి లాగారు.

ముందుకు పడింది. ఇనుప మెట్టు గడ్డానికి కొట్టుకుంది. ఆమె మీది నుంచి ఒక శరీరం దాటింది.

ఢాం!



అంజన్ సదాశివ మీద పడి ఉన్నాడు. భుజం ఎర్రగా తడిసిపోతోంది. అయినా వదల్లేదు. తుపాకీ ఉన్న మణికట్టును గోడకేసి కొడుతూనే ఉన్నాడు. తుపాకీ ఊడింది. మెట్ల సందులోంచి కిందికి జారి, బండ మీద ఖంగుమంది. సదాశివ రెండో చెయ్యి డ్యూటీ పిస్తోలు మీదికి పోతుంటే మహేశ్వరి ఆ చేతి మీద కూర్చుంది. నిండు మనిషి బరువంతా వేసి కూర్చుంది.

తలుపు తెరుచుకుంది.

సక్కుబాయి గడపలో నిలబడింది. వణుకుతోంది. కింద పడివున్న ఎస్సైని చూసింది. కింద గల్లీ నిండా పైకెత్తిన ముఖాలను చూసింది. రేపటి దాకా ఆగలేదు.

"గీనే." వేలు చాపింది. "ముసుగు ఊడినోడు గీనే. వైకుంఠం సేఠ్‌ను కాల్చింది గీ ఎస్సైనే."

"నాకెందుకు చెప్పలేదే?" మహేశ్వరి అరిచింది. "వారం సంది వాని చేతులతోని నీకు కాపలా పెట్టిచ్చిన గదనే..."

"నీ కోపం నాకెరుకే అమ్మా. చెప్తే ఆ నిమిషమే పోయి గల్లా పడ్తవ్. నిన్ను గూడ కాలుస్తడు."

గల్లా మహేశ్వరి పట్టనే పట్టింది. అది అంజన్‌ది.

హమాలీలు మెట్లెక్కి వస్తున్నారు. కొందరి చేతుల్లో ఇనుప కొక్కేలు. వైకుంఠం అన్నం పెట్టిన చేతులవి. వాళ్ళ కళ్ళల్లో ఏముందో ఆమెకు తెలుసు, తన కళ్ళల్లో ఉన్నదీ అదే. సదాశివ కూడా చూశాడు. రక్షించమన్నట్టు ఆమె వైపే చూశాడు.

ఒక్క మాట అంటే చాలు. ఏమీ అనకపోయినా చాలు.

దవడ పగిలినట్టు నొప్పి. గడ్డం నుంచి నెత్తురు చీర మీదికి కారుతోంది. పక్కన అంజన్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. భుజం చేత్తో పట్టుకుని, పళ్ళబిగువున అడుగుతున్నాడు.

"ఇప్పుడన్న చెప్పనిస్తవా చెల్లె? రేకులు వేయమన్నది ఎస్సై సారే అని."

ఆమె అతని భుజానికి తన కొంగు అదిమింది. తలెత్తలేకపోయింది. ఆ సిగ్గు కూడా కోపమై సదాశివ మీదికే తిరిగింది.

మొదటి హమాలీ కొక్కెం ఎత్తాడు.

"దించు."

"అమ్మా..."

"దించమన్న. వానికి గీరు గూడ పడద్దు." సదాశివ చెయ్యి మీద నుంచి ఆమె ఇంకా లేవలేదు. "జోయెల్, బొమ్మ రికార్డయిందా?"

"అయిందక్కా. రెండు మచ్చలు క్లియర్‌గ ఉన్నయి."

ఆమె వంగి సదాశివ చెవి దగ్గర నోరు పెట్టింది. మెల్లగా, ధర కుదిరాక సరుకు కట్టమన్నంత మెల్లగా చెప్పింది.

"నువ్వు మస్తు కాలం బతకాలె సార్. రోజూ జైల్ల కూసోని, ఆకాశం దిక్కు చూసుకుంట బతకాలె."